గోడ కడుపు

రాతి మీద సమ్మెట బలంగా పడిన క్షణాన ఒక వాసన లేస్తుంది. కొద్దిగా కాలినట్టు, కొద్దిగా గంధకం కలిసినట్టు ఉండే ఆ వాసన రెండు మూడు ఊపిరులలోనే గాలిలో కలిసిపోతుంది కనుక, రాతిపని దగ్గర మెలగని వారు దానిని గుర్తుపట్టడం అరుదు. ఇటీవల ఒక దారిని వెడల్పు చేయడానికి పాత రాళ్ళ గోడను విప్పుతున్న చోటు పక్కగా వెళుతుండగా నాకు ఆ వాసన సోకింది. నా చిన్నతనంలో చాలా భాగం ఆ వాసనలోనే గడిచింది. మా పెదనాన్న తలపాగాకు, ఆయన పనిసంచికి, సాయంత్రానికి నా చేతులకు కూడా అదే వాసన ఉండేది.

యంత్రం గోడను మధ్యకు తెంచినందువల్ల లోపలి కట్టు అంతా బయటపడి ఉంది. రెండు వైపులా పెద్దరాళ్ళు, వాటి నడుమ పిడికెడంత రాళ్ళు, ఆ రాళ్ళ సందుల్లో ఇంకా చిన్నవి, ఒక్కొక్కటీ చేత్తో కూర్చి పెట్టినట్టు బిగిసి ఉన్నాయి. మట్టి లేదు, సున్నం లేదు. గోడ పూర్తయిన రోజు నుంచి ఈ రోజు వరకు ఆ చిన్నరాళ్ళను ఎవరూ చూసి ఉండరు. ఇంత శ్రద్ధగా చేసి, చేసిన వెంటనే ఎవరికీ కనబడకుండా మూసివేసే పని నాకు తెలిసినంతలో మరొకటి లేదు. ఆ పనిని గురించి, దానిని నాకు నేర్పిన మనిషిని గురించి, తరువాత ఉద్యోగంలో నేను చూసిన రకరకాల గోడలను గురించి జ్ఞాపకం వచ్చిన వరుసలోనే రాస్తున్నాను.

* * *

పెదనాన్న ఎక్కువగా కట్టినవి చేల సరిహద్దు గోడలు, వాలు నేలల్లో మట్టి జారిపోకుండా ఆపే అడ్డుగోడలు. వాటిలో రాళ్ళను అంటించే పదార్థం ఏదీ ఉండదు. రాయి బరువు, రాయికీ రాయికీ మధ్య పుట్టే రాపిడి, ఈ రెండింటి మీదే గోడ మొత్తం నిలుస్తుంది. అందుకు ఆయన దగ్గర ఉన్న సరంజామా ఒక సమ్మెట, ఒక చేతి సుత్తి, ఒకటి రెండు ఉలులు, ఒక గడ్డపార, దారం, తూకం గుండు మాత్రమే. తాపీ ఆయన చేతిలో నేను ఎన్నడూ చూడలేదు.

పని మొదలైన తొలి రోజున ఒక్క రాయి కూడా పేర్చేవారు కాదు. ఆ రోజంతా రాళ్ళను వేరుచేయడమే పని. అన్నిటికంటే పెద్దవి, అడుగున ఎగుడుదిగుడుగా ఉన్నా పైన చదునుగా ఉండేవి, పునాదికి దగ్గరగా దొర్లించేవారు. ఒక వైపైనా చక్కని ముఖం ఉన్నవి వాటి వెనుక వరుసలో పడేవి. గోడ మందమంతటికీ సరిపోయే పొడవైన రాళ్ళు అరుదుగా దొరుకుతాయి కనుక వాటిని విడిగా, ఎవరూ పొరపాటున వాడేయకుండా, ఒక పక్కన పడుకోబెట్టేవారు. గోడ నెత్తిన నిలబెట్టే కప్పు రాళ్ళు అన్నిటికంటే దూరంగా, ఎందుకంటే వాటి అవసరం అన్నిటికంటే చివర వస్తుంది. చిన్నరాళ్ళు, చెక్కినప్పుడు రాలిన చిప్పలు అక్కడక్కడ కుప్పలుగా పోసేవాళ్ళం. సాయంత్రానికి గోడ మొదలు కాకపోయినా, ఆ నేలను చూస్తే కట్టబోయే గోడ విడివిడిగా పరిచి ఉన్నట్టే ఉండేది.

ఆ తరువాత పైమట్టి తీసి గట్టినేల తగిలేదాకా తవ్వేవారు. మనిషి ఛాతీ ఎత్తు గోడకు, అంటే సుమారు 1.4 మీటర్లకు, అడుగున దాదాపు 70 సెంటీమీటర్ల వెడల్పు, పైకి వచ్చేసరికి అందులో సగం. రెండు ముఖాలూ లోపలికి వాలుతూ పోవాలి కనుక, ఆ వాలును చూపే కర్ర చట్రాలను రెండు చివరలా నిలబెట్టి, వాటి మధ్య దారం లాగి కట్టేవారు. వరుస పూర్తయిన కొద్దీ దారం పైకి జరిగేది. దారానికి రాయి తగలకూడదు. తగిలితే దారం కొద్దిగా బయటికి నెట్టుకుపోతుంది, దానిని నమ్ముకుని పెట్టిన మిగిలిన రాళ్ళన్నీ దారి తప్పుతాయి. అందుకని దారానికీ రాతి ముఖానికీ మధ్య వేలు దూరేంత కూడా కాదు, వెలుతురు దూరేంత సందు ఉంచేవారు.

ఆ రోజుల శబ్దాలు ఇప్పటికీ నాకు స్పష్టంగా గుర్తున్నాయి. సమ్మెట దెబ్బ రాయి రాయికీ మారుతుంది. లోపల బీట లేని రాయి ఖంగున మోగుతుంది. బీట ఉన్నది ఎంత అందంగా కనిపించినా బొంగురుగా పలుకుతుంది. పెదనాన్న కొత్త రాయిని ఎత్తబోయే ముందు సుత్తితో ఒక్క దెబ్బ తట్టి, ఆ పలుకు విన్న తరువాతే దానిని గోడలోకి తీసుకునేవారు. దెబ్బలకూ దెబ్బలకూ మధ్య చాలాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. అప్పుడు ఆయన గోడలోని ఖాళీని చూస్తూ ఉండేవారు. ముందు ఖాళీ ఆకారం మనసులో పట్టాలి, తరువాత రాళ్ళ వైపు తిరగాలి, తిరిగాక ఒకే రాయిని ఎత్తాలి. ఎత్తిన రాయిని మళ్ళీ కింద పడేసే వాడికి సాయంత్రానికి నడుము మిగలదు అనేవారు. గ్రానైట్ ఘనపు మీటరుకు 2.6 టన్నులకు పైగా తూగుతుంది కనుక అది ఊరికే చెప్పిన మాట కాదు. అనుభవమున్న పనివాడు కూడా ఇటువంటి గోడను రోజుకు రెండు మూడు మీటర్ల పొడవుకు మించి నిలబెట్టలేడు.

* * *

రెండు ముఖాల నడుమ మిగిలే ఖాళీని ఆయన గోడ కడుపు అనేవారు. దానిని నింపడం నా పని. పెద్దరాళ్ళు ఎత్తే బలం లేని పిల్లవాడికి ఇచ్చిన తేలికపని అని మొదట్లో అనుకునేవాణ్ణి కానీ, ఏడాది తిరిగేసరికి గోడ బతుకంతా అందులోనే ఉందని నాకు అర్థమైంది.

ఆ పనికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఏ వరుసకు ఆ వరుస ముఖాల ఎత్తు దాకా నింపిన తరువాతే పై వరుస మొదలుకావాలి. ఖాళీలో పట్టే రాళ్ళలో అన్నిటికంటే పెద్దది ముందు పెట్టాలి, దాని చుట్టూ మిగిలిన సందులకు చిన్నవి వెతకాలి. గుండ్రని గులకరాళ్ళు పనికిరావు. పైనుంచి బరువు పడినప్పుడు అవి దొర్లి ముఖపు రాళ్ళను బయటికి నెడతాయి. కోణాలున్న రాళ్ళు ఒకదానిలో ఒకటి చిక్కుకుని కదలకుండా కూర్చుంటాయి. ముఖపు రాయి ఊగుతుంటే దాని కింద పెట్టే చీలిక రాయిని లోపలి వైపు నుంచే పెట్టాలి. బయటి నుంచి దూర్చిన చీలిక ఆ రోజుకు బిగువుగా ఉన్నా, కాలక్రమంలో వదులై జారి పడిపోతుంది.

మట్టి వేయకూడదన్నది అన్నిటికంటే పెద్ద నిషేధం. మట్టి వేస్తే సందులన్నీ చిటికెలో నిండుతాయి, గోడ కట్టిన రోజున గట్టిగానే కనిపిస్తుంది. కానీ వాన నీరు లోపలికి దిగిన ప్రతిసారీ కొంత మట్టి కొట్టుకుపోతుంది, దాని చోట గుల్ల మిగులుతుంది. మిగిలిన మట్టి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మంచు పడే దేశాల్లో ఇంకా పెద్ద చిక్కు: నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతుంది, ఆ పెరుగుదల గోడ ముఖాలను బయటికి తోస్తుంది. రాళ్ళు మాత్రమే ఉన్న కడుపులో నీరు నిలవదు, వచ్చిన దారినే కిందికి జారి నేలలోకి పోతుంది.

ఒకసారి పనిలోకి వచ్చిన ఒక యువకుడు పొద్దువాలే లోగా ముగించాలనే తొందరలో గంపలతో వదులు మట్టి తెచ్చి కడుపులో పోసి, పై వరుస పేర్చేశాడు. పెదనాన్న అతన్ని ఏమీ అనలేదు. మరునాడు ఉదయం మేము వెళ్ళేసరికి ఆయన ఒక్కరే ఆ ముక్కనంతా విప్పి, ముఖపు రాళ్ళను వాటి వరుసలోనే నేల మీద పేర్చి, కడుపులోని మట్టిని చేతులతో తోడి పోస్తున్నారు. ఆ యువకుడు వచ్చి కాసేపు నిలబడి, తరువాత ఎదురుగా కూర్చుని తానూ తోడసాగాడు. మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి ఆ ముక్కను మళ్ళీ కట్టారు. ఆనాడు ఆయన చెప్పింది ఒక్కటే: "కడుపు ఖాళీగా ఉన్న గోడకే బొజ్జ వస్తుంది, అబ్బాయీ." నిజానికి శిథిలమవుతున్న ఏ రాళ్ళ గోడను చూసినా నడుము దగ్గర బయటికి ఉబ్బిన భాగమే ముందు కనిపిస్తుంది, ఆ ఉబ్బు వెనుక తడిమితే గుల్లే తగులుతుంది.

వరుస నిండిన తరువాత ఆయన దాని మీద చెప్పులు లేకుండా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవారు. ఎక్కడైనా రాయి టక్కుమని కదిలితే ఆగి, వంగి, నా వైపు చేయి చాచేవారు. నేను చేతిలో పెట్టిన చిప్పను ఒకసారి తిప్పి చూసి లోపల దూర్చేవారు, మళ్ళీ అక్కడే నిలబడి మడమతో తొక్కి చూసేవారు. చప్పుడు రాకపోతేనే ముందుకు కదిలేవారు.

* * *

ముఖపు రాళ్ళను గురించిన నియమాలు వినడానికి సులభమైనవి, పాటించడానికి కష్టమైనవి. రాయి పొడవు గోడ లోపలికి పోవాలి. పొడవైన వైపును బయటికి చూపితే ఒక్క రాయితో ఎక్కువ మేర మూసుకుపోతుంది, పని చకచకా సాగుతుంది, చూడటానికి కూడా బాగుంటుంది. అలా పెట్టిన రాయికి లోపల పట్టు ఉండదు. ఈ ఆశను జయించిన వాడే గోడ కట్టగలడని పెదనాన్న నమ్మకం. ఇక రెండు రాళ్ళు కలిసే సందు మీద మూడో రాయి కూర్చోవాలి. సందు మీద సందు వరుసగా పైకి పోతే గోడ ఆ గీత వెంట విడిపోతుంది. సగం ఎత్తుకు వచ్చాక మీటరుకు ఒకటి చొప్పున, ముందుగా దాచిన పొడవాటి రాళ్ళను ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా వేయాలి. అవి లేకపోతే రెండు ముఖాలూ రెండు వేర్వేరు సన్నని గోడలుగా బతికి, ఏదో ఒక రోజు దేని దారిన అది పడిపోతాయి.

కప్పు రాళ్ళు నిలబెట్టే రోజు మాకు తేలికగా గడిచేది. చదునైన రాళ్ళను నిలువుగా, ఒకదానికొకటి ఆనించి, చివరి సందులో ఒక చీలికను సుత్తితో దిగగొడితే ఆ వరుసంతా ఒక్కసారిగా బిగుసుకునేది. ఆ బిగింపు చప్పుడు వరుస పొడవునా పరుగెత్తేది. వాటి బరువే కింది రాళ్ళన్నిటినీ అదిమి పట్టుకుంటుంది.

గోడ పూర్తయిన కొద్ది వారాలకే తొండలు, సాలీళ్ళు, తేనెటీగల వంటివి అందులో కాపురం పెట్టేవి. ఉత్తరపు ముఖం మీద కొన్ని ఏళ్ళకు రాతిని అంటుకుని నాచులా పెరిగే బూడిదరంగు లైకెన్లు మచ్చలుగా వచ్చేవి. అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. వాటి మచ్చల వ్యాసాన్ని కొలిచి పాత రాతికట్టుల వయసును అంచనా వేసే పద్ధతి ఒకటి ఉందని తరువాత కాలంలో తెలిసింది. పెదనాన్న కూడా ఆ మచ్చలను చూసే ఏ గోడ తన తండ్రి కట్టినదో, ఏది అంతకు ముందుదో చెప్పేవారు.

* * *

చదువు ముగిశాక కట్టడాల పర్యవేక్షణ ఉద్యోగంలో చేరి, చాలా చోట్ల చాలా రకాల గోడల మధ్య తిరిగాను. ప్రతి గోడ దగ్గరా నాకు తెలియకుండానే మొదట దాని కడుపును గురించే ఆలోచించేవాణ్ణి.

మట్టి గోడలకు కడుపు, ముఖం అనే తేడా లేదు. గడ్డి కలిపి కాళ్ళతో తొక్కిన మట్టిని ముద్దలుగా వేసి కట్టే గోడను మోకాలెత్తు లేపి, అది ఆరేదాకా ఆగి, అప్పుడు పై వరుస వేస్తారు. తొందరపడితే కింది తడి మట్టి పక్కలకు జారుతుంది. ఇంకో పద్ధతిలో చెక్కల మధ్య కొద్దిపాటి తేమ ఉన్న మట్టిని పలుచని పొరలుగా పోసి దిమ్మిసతో కొడతారు. దిమ్మిస మొదటి దెబ్బలు మెత్తగా, లోతుగా వినిపిస్తాయి. పొర గట్టిపడే కొద్దీ ఆ ధ్వని బిగుసుకుని చివరకు మోగినట్టవుతుంది. కొట్టేవాళ్ళు కళ్ళతో కాక ఆ ధ్వనితోనే పని అయిందని తెలుసుకునేవారు. ఈ రెండు రకాలకూ నీరే శత్రువు కనుక, కింద నేల చెమ్మ ఎక్కకుండా రాతి పీఠం, పైన వాన కొట్టకుండా ముందుకు చాచిన చూరు ఉన్న మట్టి గోడలు తరాల తరబడి నిలవడం చూశాను. ఆ రెండింటిలో ఒకటి లోపించినవి కొన్ని వానలకే కరిగిపోయాయి.

డంగు సున్నం గోడలు కట్టడం చివరి రోజుల్లో కొద్దిగా చూడగలిగాను, అది నా అదృష్టం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. మిగిలిన ముడిసున్నం మీద నీరు పోసినప్పుడు అది బుసకొడుతూ పగిలి, ఆవిర్లు చిమ్ముతూ పొడిగా, తరువాత వెన్నలా మారేది. ఆ సున్నాన్ని గోతిలో వారాల తరబడి నాననిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో నూరేవారు. గుండ్రని కాలువలో రాతి చక్రం తిరిగే ఆ గరగర చప్పుడు ఉదయం నుంచి పని జరిగే చోటంతా ఆవరించి ఉండేది. కాల్చినప్పుడు పోగొట్టుకున్న వాయువునే గోడలో కూర్చున్న సున్నం గాలి నుంచి మెల్లగా తిరిగి తీసుకుని మళ్ళీ రాయవుతుంది. ఆ నెమ్మదితనం వల్ల గోడ సర్దుకుంటున్నప్పుడు సున్నం కూడా దానితో పాటు సర్దుకుంటుంది, సన్నని పగుళ్ళు కొన్ని వాటంతట అవే పూడుకుంటాయి. చైనా మహాకుడ్యంలో మింగ్ రాజుల నాటి కొన్ని భాగాల సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపారని చదివినప్పుడు, సున్నాన్ని ఇంకా పట్టుగా చేయడానికి మనుషులు ఎక్కడెక్కడ ఏమేమి వెతికారో అనిపించింది.

ఇటుక గోడలను గురించి చెప్పవలసింది తక్కువ. నీళ్ళ తొట్టిలో వేసిన ఇటుకల నుంచి బుడగలు లేచే చప్పుడు ఆగిన తరువాతే వాటిని గోడకు తీసేవారు. పొడి ఇటుక సున్నంలోని, సిమెంటులోని నీటిని తాగేసి అతుకును బలహీనం చేస్తుంది. ఒక వరుసలో పొడవులు, పై వరుసలో తలలు కనబడేటట్టు పెట్టే ఇంగ్లిష్ బాండ్‌లో, గోడ మందాన్ని పట్టుకునే ఆ తల ఇటుకలు చేసే పని పెదనాన్న అడ్డురాళ్ళు చేసే పనే. ఇటుకలను అంచు మీద నిలబెట్టి, నడుమ కావాలనే ఖాళీ వదిలి కట్టే ర్యాట్ ట్రాప్ బాండ్‌ను మన దేశంలో వాస్తుశిల్పి లారీ బేకర్ విస్తృతంగా వాడి చూపారు. ఇటుకలో సుమారు నాలుగో వంతు ఆదా అయ్యే ఆ గోడలో లోపలి గాలి వేడిని ఆపుతుంది. ఖాళీ కడుపుతో నిలిచే గోడను నేను గౌరవంతో చూసిన సందర్భం అదొక్కటే.

1824లో ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. ఆ తరువాత సున్నం స్థానంలోకి సిమెంటు రావడంతో మొదలైన మార్పు నా ఉద్యోగ కాలానికి దాదాపు ముగింపుకు వచ్చింది. సిమెంటు లేకుండా ఈనాటి వంతెనలూ ఆనకట్టలూ లేవు కనుక దానిని నిందించను. కానీ పాత సున్నపు గోడల సందులను గీకి సిమెంటు పూసిన చోట్లను చూసి బాధపడ్డాను. సిమెంటు సందు నీటిని బయటికి పోనివ్వదు, లోపలి చెమ్మ రాతి గుండానే బయటపడవలసి వస్తుంది, మెత్తని రాళ్ళయితే కొన్నేళ్ళకు ముఖాలు పొరలుగా రాలిపోతాయి. రాళ్ళు పోయి వాటి చుట్టూ సిమెంటు గీతలు మాత్రం గూళ్ళలా మిగిలిన గోడ ఒకటి నాకు మరపురాదు.

* * *

ఒక వానాకాలం ఆరంభంలో వాలు నేల మీద పక్కపక్కనే ఉన్న రెండు అడ్డుగోడలను పరీక్షించే పని పడింది. ఒకటి ఎప్పుడో పేర్చిన ఉత్త రాళ్ళ గోడ. రెండోది కొత్తది, సిమెంటుతో కట్టినది, నున్నని ముఖంతో ఎంతో దృఢంగా కనిపించేది. రాత్రంతా కురిసిన వాన తరువాత ఉదయం వెళ్ళి చూస్తే కొత్త గోడ మధ్యలో పొడవుగా పగిలి, పై భాగం ముందుకు ఒరిగి ఉంది. మేము నిలబడి చూస్తుండగానే ఒక పెద్ద ముక్క కిందికి కూలింది, దాని వెనుక నుంచి బురద నీరు పెల్లున దూకింది. పాత గోడ ముఖమంతటా సందుల్లోంచి నీరు సన్నని ధారలుగా కారుతోంది, ఆ నీరు తేటగా ఉంది. గోడ కదలలేదు.

కారణం లెక్కకు అందేదే. వెనుక నిలిచిన నీరు గోడను తోసే బలం నీటి ఎత్తు వర్గంతో పెరుగుతుంది. మూడు మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే, మట్టి తోపును పక్కన పెట్టి నీటి తోపు ఒక్కటే, ప్రతి మీటరు పొడవుకూ సుమారు 4.5 టన్నులు. సిమెంటు గోడ అడుగున నీరు పోయే రంధ్రాలు వేసి, వాటి వెనుక కంకర నింపి ఉంటే ఆ భారం దాని మీద పడేది కాదు. రంధ్రాలు పేరుకు కొన్ని ఉన్నాయి, వెనుక మాత్రం కంకర బదులు తవ్విన మట్టినే తిరిగి పోశారు. అది రంధ్రాలను మూసేసింది. ఉత్త రాళ్ళ గోడకు ఒళ్ళంతా రంధ్రాలే. దాని వెనుక మనిషి చేతితో పేర్చిన చిన్నరాళ్ళ పొర ఉంది, మట్టిని ఆపి నీటిని మాత్రం వదిలేది ఆ పొరే. నేల కొద్దిగా కుంగినా ఆ రాళ్ళు ఒకదాని మీద ఒకటి అంగుళంలో కొంత జరిగి మళ్ళీ కూర్చుంటాయి, అతుకులున్న గోడకు ఆ వెసులుబాటు లేదు. ఆ రోజు రాసిన నివేదికలో ఈ విషయాలన్నీ వివరంగా రాశాను. పెదనాన్న అప్పటికి పనిమానేసి ఇంటి పట్టున ఉన్నారు. సెలవులకు వెళ్ళి ఈ సంగతి చెబితే, తేట నీరు కారిందా అని అడిగి, తలాడించి ఊరుకున్నారు.

* * *

ఆయన చివరి ఏళ్ళలో, నేను వెళ్ళినప్పుడల్లా పత్రికల్లో కనిపించిన గోడల బొమ్మలు తీసుకువెళ్ళేవాణ్ణి. పెరూలోని సాక్సాయ్‌వామన్ గోడ బొమ్మ చూపించాను. వంద టన్నులు దాటిన రాళ్ళను కూడా ఏ అతుకూ లేకుండా, ఎన్నో కోణాలతో ఒకదానికొకటి అమర్చిన, ఇన్కా రాజ్యపు రాతిపనివారి పనితనం అది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, రాతి సందుల వెంట గోటితో గీస్తూ, "బయట సరే, లోపల ఏం పెట్టారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేకపోయినా, అప్పటి నుంచి ఏ ప్రాచీన గోడను గురించి చదివినా దాని కడుపులో ఏముందని వెతకడం నాకు అలవాటైంది.

బీహారులోని రాజగృహంలో మౌర్యులకు పూర్వమే కట్టిన ప్రాకారం కొండల మీదుగా సుమారు 40 కిలోమీటర్ల మేర సాగుతుంది. చెక్కని పెద్దరాళ్ళ ముఖాలు, నడుమ చిన్నరాళ్ళు, వాటి సందుల్లో రాతిచిప్పలు. అతుకు పదార్థం లేదు. అచ్చంగా ఇదే కదా మేము కట్టింది అని ఆశ్చర్యపోయాను. ఆఫ్రికాలోని గ్రేట్ జింబాబ్వేలో 11 నుంచి 15వ శతాబ్దాల మధ్య గ్రానైట్ దిమ్మెలతో కట్టిన పెద్ద ఆవరణ గోడ కొన్నిచోట్ల 11 మీటర్ల ఎత్తు ఉంది. అందులోనూ సున్నం లేదు. వరుసలు తీరిన ముఖాల నడుమ అంతగా తీర్చని రాళ్ళే ఉన్నాయి. ఓరుగల్లు కోటలో కాకతీయుల నాటి రాతి ప్రాకారం కూడా సున్నం లేకుండా నిలిచినదే, లోపలి వైపున దానికి మట్టి కట్ట ఆనుకుని ఉంది. దాని బయట మరొక ప్రాకారం పూర్తిగా మట్టిదే. ఆ రాళ్ళ ముందు నిలబడినప్పుడు సందుల్లోకి తొంగిచూడకుండా ఉండలేకపోయాను.

పెదనాన్నకు అన్నిటికంటే నచ్చింది మాత్రం క్రొయేషియా తీరంలోని బాల్యెనాట్స్ ద్వీపం బొమ్మ. చదరపు కిలోమీటరులో ఏడో వంతు ఉన్న ఆ చిన్న దీవి మీద దాదాపు 23 కిలోమీటర్ల రాళ్ళ గోడలు ఉన్నాయి, పైనుంచి చూస్తే వేలిముద్రలా కనిపిస్తుంది. నేలలోని రాళ్ళను ఏరి తీస్తేనే సాగు సాధ్యమయ్యే చోట, ఏరిన రాళ్ళను ఎక్కడో పెట్టాలి కనుక గోడలు పుట్టాయి. "పొలం బాగుచేస్తూ చేస్తూ గోడలు కట్టారన్నమాట, మనలాగే" అన్నారు. ఐర్లండ్ పడమటి తీరాన ఆరన్ దీవుల్లో ఒంటి రాతి మందంతో, సందుల్లోంచి వెలుతురు కనిపించేటట్టు కట్టే గోడలను మాత్రం ఆయన మెచ్చుకోలేదు. కడుపే లేని గోడ ఆయనకు గోడలా తోచలేదు. సముద్రపు గాలిని ఎదిరించకుండా సందుల్లోంచి వదిలేయడం వల్లనే అవి నిలుస్తాయని చెప్పాక, కాసేపు ఆలోచించి, నీటికి మనం దారి ఇచ్చినట్టు వాళ్ళు గాలికి ఇచ్చారని ఒప్పుకున్నారు.

ఆయన పోయిన కొన్నేళ్ళకు, 2018లో, అతుకు లేని రాతి గోడల కళను యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. క్రొయేషియా, సైప్రస్, ఫ్రాన్స్, గ్రీస్, ఇటలీ, స్లొవేనియా, స్పెయిన్, స్విట్జర్లాండ్ కలిసి ప్రతిపాదించాయి. 2024లో ఐర్లండ్‌తో సహా మరి అయిదు దేశాలు చేరాయి. బ్రిటన్‌లో ఈ పనివారి సంఘం 1968 నుంచి ఉంది, పరీక్షలు పెట్టి పనితనానికి యోగ్యతాపత్రాలు ఇస్తుంది. ఆ వార్తలు చదివిన రోజున ఆయనకు చెప్పాలనిపించింది. ఈ పని తెలిసినవారు మన చుట్టూ ఇంకా ఉన్నారు. వారి చేతుల్లో ఉన్నది విద్య అని గుర్తించి, పక్కన ఒక పిల్లవాడిని కూర్చోబెట్టే ఏర్పాటు ఎక్కడా కనబడకపోవడం నన్ను కలవరపెడుతుంది. పుస్తకం చదివి వరుసలు పేర్చడం కొంతవరకు వస్తుంది. మడమ కింద రాయి కదిలిన చప్పుడు వినడం పక్కన ఉంటేనే వస్తుంది.

* * *

పెదనాన్న కట్టిన అడ్డుగోడలు వాలు నేలలో ఇంకా ఉన్నాయి. ఆయన కుమారుడు, మా అన్నయ్య, వాటిని కనిపెట్టుకుని ఉంటాడు. గోడలో ఒక చోట గండి పడితే కూలిన రాళ్ళను మాత్రమే తిరిగి ఎక్కించడం మరమ్మతు కాదు. రెండు పక్కలా రాళ్ళు కదలకుండా ఉన్న చోటు దాకా విప్పుకుంటూ పోవాలి, ఆ విప్పడం కూడా మెట్లు మెట్లుగా సాగాలి. నిలువుగా కోసినట్టు విప్పితే పాతదానికీ కొత్తదానికీ నడుమ సందు మీద సందు వచ్చి మళ్ళీ అక్కడే విడిపోతుంది. తీసిన రాళ్ళను ఏ వరుసవి ఆ వరుసగా నేల మీద పరచాలి. పునాది రాళ్ళను కూడా గడ్డపారతో కదిపి చూడాలి, ఎక్కువసార్లు లోపం అక్కడే ఉంటుంది.

పెద్దరాళ్ళన్నీ తిరిగి పనికివస్తాయి. అతుకు లేనందువల్ల గీకవలసినది, పారేయవలసినది ఏదీ ఉండదు. తరిగేవి కడుపు రాళ్ళే. దశాబ్దాల బరువు కింద కొన్ని నలిగి, కొన్ని అడుక్కు దిగి, కొన్ని నేలలో కలిసిపోయి ఉంటాయి కనుక ప్రతి మరమ్మతుకూ కొత్తగా కొన్ని గంపల చిన్నరాళ్ళు కావాలి. క్రిందటి వానాకాలంలో పడిన ముక్కను అన్నయ్యా నేనూ కలిసి నిలబెట్టాము. అతని మనవడు మా ఇద్దరి నడుమ కూర్చుని సందులు నింపాడు, ఏ చిప్ప ఎక్కడ పడుతుందో మాకంటే ముందే చెప్పసాగాడు. ఈ ఏడాది ఇంకా పై మలుపులో రెండు చోట్ల గోడకు బొజ్జ కనిపిస్తోంది. వానలకు ముందే ఆ రెండింటినీ విప్పి కట్టాలి, అందుకోసం ఇప్పటి నుంచే కోణాలున్న చిన్నరాళ్ళను పోగుచేస్తున్నాము.